ఎర్ర గీతల మధ్య

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. విడవలూరులో వాన పట్టిందంటే కరెంటు పోవడం వింతేమీ కాదు, ఉంటేనే వింత. వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. రైసుమిల్లు పెంచలయ్య ఇంట్లో మాత్రం ఆయన భార్య ప్రమీల బియ్యం చెరుగుతున్న చాట అక్కడే వదిలేసి ముందుగదిలోకి పరుగెత్తింది.

ముందుగదిలో టేకుబల్ల మీద అద్దాల తొట్టి ఉంది. అందులో ఐదు ఏంజెల్ చేపలు. ఒక్కొక్కటి తమలపాకంత వెడల్పు, ఇంచుమించు అంతే పల్చన, వెండిరంగు ఒంటి మీద నల్లటి నిలువు చారలు. పెంచలయ్య వాటిని మద్రాసు మూర్ మార్కెట్లో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాడు. వెచ్చటి దేశాల చేపలు, చలి తగిలితే బతకవు. అందుకని నీళ్లలో ఒక మూల కరెంటుతో వేడెక్కే గాజుగొట్టం దించాడు. ఇంకో మూల ధర్మామీటరు కట్టి, దాని మీద ఎర్రరంగుతో రెండు సన్నటి గీతలు గీశాడు. కింది గీత ఫారన్‌హీటు డెబ్బై ఎనిమిది డిగ్రీలు, పై గీత ఎనభై రెండు. పాదరసం ఆ రెంటి మధ్యనే ఉండాలి.

ప్రమీల వంగి చూసింది. ఇంకా గీతల మధ్యనే ఉంది. కానీ తూర్పు నుంచి సముద్రపు గాలి కిటికీ సందుల్లోంచి ఈలలు వేస్తోంది. నేల చల్లబడింది, గోడలు చల్లబడ్డాయి, నీళ్లు చల్లబడకుండా ఎంతసేపుంటాయి?

మిల్లు సామాన్ల కోసం మద్రాసు బయల్దేరుతూ, నిన్న పొద్దున పెంచలయ్య ఆమెను ఈ తొట్టి ముందే నిలబెట్టి అన్నీ చెప్పాడు. కరెంటు పోతే తొట్టిలో నీళ్లే కొన్ని తీసి, వెచ్చబెట్టి, మెల్లగా మళ్లీ అందులోనే పొయ్యాలి. నూనె జిడ్డు తగిలిన గిన్నె వాడకూడదు. సబ్బు చెయ్యి ముంచకూడదు. ఇంకా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా అని ప్రమీల అడిగింది. ఇంతే, ఇంకేముంటుంది అన్నాడాయన. ఆ తరవాత చొక్కా జేబులోంచి ఆమె ఉద్యోగం ఉత్తర్వు తీసి, విప్పి చదివి, మళ్లీ మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు.

టీచరు ట్రెయినింగు పాసయ్యాక రెండేళ్లు ఎదురుచూస్తే ఇప్పటికి వచ్చిన ఉద్యోగం అది. పరాయి ఊరు కూడా కాదు, ఈ విడవలూరు బళ్లోనే. సోమవారం చేరకపోతే ఇంకొకరికి పోతుంది. ఇంటి గడప దాటి ఒక పూటైనా తనదైన గాలి పీల్చుకోవడానికి ప్రమీలకు ఉన్న దారి అదొక్కటే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు.

"ఐదు చేపల్ని కాపాడలేని మనిషి, యాభై మంది పిల్లల్ని ఏం కాపాడతాది?" అన్నాడు నవ్వుతూనే. "ఆదివారం వస్తా. నేనొచ్చేసరికి ఇయ్యి ఇట్టనే తిరగతా ఉంటే సోమవారం బడికి పో. నేనేం అడ్డం చెప్పను."

పెంచలయ్య అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషీ కాదు. పెళ్లయిన కొత్తలో ప్రమీల ఆ ముక్కే పుట్టింట్లో గొప్పగా చెప్పుకుంది. వినాయక చవితి ముందర ఒకనాడు గోడగడియారానికి కీ ఇవ్వడం మరిచిపోయింది. ఆయన కుర్చీ తెచ్చి ఆగిపోయిన గడియారం ముందు వేసి, "చూస్తా కూర్చో" అన్నాడు మెత్తగా. పొద్దున కూర్చున్నది ఆయన మిల్లు నుంచి వచ్చి లెమ్మనేదాకా కూర్చునే ఉంది. తలుపు తీసే ఉంది, పట్టుకున్నవాళ్లు లేరు, అయినా లేవలేకపోయింది. అప్పటి నుంచి ఆయన చెప్పుల చప్పుడు వింటే చాలు, ఆమె చేతిలో పని వదిలేసి గడియారం వైపు చూస్తుంది. అత్తగారు వెంకటశేషమ్మ సంగతి చెప్పనక్కరలేదు. కన్నకొడుకు గదిలోకి వస్తే ఆవిడ లేచి నిలబడుతుంది.

చీకటి పడకముందే పాదరసం కింది గీతను తాకింది.

ప్రమీల వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ ముందేసుకుంది. సత్తుగిన్నెలో వేలు రాస్తే తిరగమోత జిడ్డు తగిలింది. పాలగిన్నె పనికిరాదు. ఇత్తడి గిన్నెలో మొన్న పులుసు కాచారు. మట్టికుండలన్నీ పెరుగువీ, ఊరగాయవీ. ఏది ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏదో ఒక వాసన. ఆయన వచ్చి తొట్టి మీద నూనెపొర కనిపెడితే? ఇంట్లో ఇంతవరకు నూనె సోకని పాత్ర ఒక్కటే ఉంది. దేవుడి గదిలో మంచినీళ్లు పట్టే రాగిబిందె. పనిమనిషి కామమ్మ దాన్ని రోజూ చింతపండుతో తోమి, అద్దంలా చేసి పెడుతుంది.

దేవుడి బిందె కాబట్టి అత్తగారిని అడక్కుండా ముట్టుకోకూడదు. వెంకటశేషమ్మ దీపం కుందుల ముందు కూర్చుని వత్తులు చేస్తోంది. చేపల కోసం బిందె కావాలని ప్రమీల చెప్పగానే ఆవిడ చేతిలో వత్తి ఆగింది. నోరు తెరిచింది. కోడలి మొహంలోకి చూసి, తలుపువైపు చూసి, మళ్లీ వత్తి మీదికి చూపు దించుకుంది.

"తీసుకో" అంది.

దేవుడి సొత్తు పొయ్యి మీద పెట్టాలంటే ఆవిడకు మనసొప్పలేదేమో అనుకుంది ప్రమీల. ఒప్పుకున్నందుకు లోపల్లోపల దణ్ణం పెట్టుకుంది కూడా. కామమ్మ బిందెను తీసుకెళ్లి, చేపల పని కాబట్టి ఇంకో రెండు చేతులు ఎక్కువే వేసి, చింతపండు పెట్టి మళ్లీ తోమింది. మూడు నీళ్లు పోసి కడిగింది. ఆ మసకవెలుతురులో కూడా బిందె నిప్పులా మెరిసింది.

తొట్టిలోంచి గాజుగ్లాసుతో నీళ్లు తోడి బిందెలో పోసి, కుంపటి మీద పెట్టింది. మధ్యమధ్య మోచెయ్యి ఆనించి చూసుకుంది, పసిపిల్లల నీళ్లకు చూసినట్టు. కాస్త వేడెక్కగానే దించి, పల్చటి గుడ్డ అడ్డం పెట్టి, తొట్టి అంచు వెంబడి సన్నటి ధారగా వదిలింది. చేపలు దూరం జరిగి, మళ్లీ వచ్చి ఆ వెచ్చదనంలో ఆడాయి. ఇలా తోడుతూ, కాస్తూ, పోస్తూ ఉండగా పాదరసం మెల్లగా లేచి ఎర్ర గీతల మధ్యకు వచ్చి నిలబడింది. ప్రమీల గోడకు ఆనుకుని కూలబడి కళ్లు మూసుకుంది. పడుకోబోయే ముందు ఇంకోసారి కాచి పోసి, తొట్టి చుట్టూ పాత దుప్పటి కప్పింది.

శుక్రవారం తెల్లారి దుప్పటి తీస్తే చేపలు రోజూ ఉండేచోట లేవు. ఐదూ పైకి వచ్చి నీటి అంచున గుంపుగా నిలబడ్డాయి. రెక్కలు ముడుచుకున్నాయి. నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి, పరుగెత్తి వచ్చిన మనుషుల్లా. ప్రమీల ధర్మామీటరు చూసింది. కింది గీతకు రవ్వంత దిగువన ఉంది.

చలికే ఇలా అయిందనుకుంది. వెంటనే కుంపటి రాజేసి, బిందెలో నీళ్లు కాచింది. ఈసారి కాస్త ఎక్కువే పోసింది. పాదరసం చక్కగా పైకి వచ్చింది. చేపలు మాత్రం తేరుకోలేదు. అందులో చిన్నది ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, మళ్లీ ఒరిగింది.

వాన ఆగలేదు. వాయుగుండం కృష్ణపట్నం దగ్గర తీరం దాటుతుందని, నెల్లూరు బస్సు రాలేదని, వీధిలో ఎవరో చెప్పుకుంటూ పోతున్నారు. ఆయన రాక ఆలస్యమవుతుందేమో అన్న ఆశ ఒక్క క్షణం కలిగి, అంతలోనే అది ఎందుకూ పనికిరాని ఆశ అని తెలిసింది. ఎప్పుడొచ్చినా చూసేది ఈ తొట్టినే. ప్రమీల పొద్దంతా గది వదల్లేదు. పాదరసం గీత దగ్గరికి దిగడమే ఆలస్యం, బిందె కుంపటెక్కేది. కాచిన కొద్దీ చేపలు డీలాపడుతున్నాయి. డీలాపడిన కొద్దీ ఆమె కాస్తోంది. లెక్కప్రకారం అంతా సరిగ్గా ఉంది. ఆయన గీసిన గీతల మధ్యనే నీళ్లున్నాయి, ఆ నీళ్లలోనే అవి చస్తున్నాయి. తన చేతుల్లోనే ఏదో దోషం ఉందేమోనని రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంది.

మధ్యాహ్నానికి చిన్నచేప తొట్టి అడుక్కి చేరింది. ఇంక లేవలేదు.

కామమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చిన్నమ్మా, ఇది నా మీదికే వస్తాది. పోయినేడు ఎంకయ్య మీదికి వచ్చినట్టు."

వెంకయ్య ఎవరని ప్రమీల అడిగింది. మిల్లులో పనిచేసేవాడని, ఈ చేపల తొట్టి కూడా వాడే చూసేవాడని, పోయినేడు వానల్లో చేపలన్నీ చచ్చిపోతే అయ్యగారు వాణ్ణి పనిలోంచి తీసేశారని, ఇప్పుడు వాడు సూళ్లూరుపేటలో మూటలు మోస్తున్నాడని కామమ్మ చెప్పింది. తన పెళ్లికి ముందు కూడా ఈ తొట్టిలో చేపలుండేవన్న సంగతే ప్రమీలకు తెలియదు. ఆయన ఎన్నడూ అనలేదు. అడగాల్సింది ఇంకేదో ఉన్నట్టు తోచింది గానీ, ఇంకో చేప ఒరగడం చూసి ఆ ఆలోచన తెగిపోయింది. నీ మీదికి రానియ్యనులే అని కామమ్మతో అంది. ఎలా రానియ్యకుండా ఉంటుందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఇంకోటి పోయింది. ఆ రాత్రి ప్రమీల అన్నం ముందు కూర్చుని లేచింది. ఆదివారం ఆయన గుమ్మంలో నిలబడి, తొట్టి చూసి, తనవైపు తిరిగే తిరగడం ఎలా ఉంటుందో పదేపదే కళ్లకు కట్టింది. ఆయన ఏమీ అనడు. అదే భయం. ఏమన్నా అంటే పడొచ్చు, ఏడవొచ్చు. ఆ నవ్వుకు ఏం చెయ్యాలి? అంతమంది పిల్లల్ని నాకు అప్పజెప్పినా ఇలాగే చేస్తానేమో అని కూడా అనిపించింది. ఆయన మాట తన లోపలికి వచ్చి తనదే అయిపోయిందని ఆమె గమనించలేదు.

శనివారం పొద్దెక్కేసరికి వాన తెరిపిచ్చింది. తొట్టిలో మిగిలింది ఒక్కటే చేప. నీటి అంచున తోక కిందికి వేలేసి, దవడలు మాత్రం ఆడిస్తోంది. ప్రమీల ఏడుపు కూడా మరిచిపోయి, చచ్చినవాటిని తీసి అరిటాకులో పెట్టింది. మళ్లీ నీళ్లు తోడింది. బిందె ఎత్తి కుంపటి మీద పెట్టబోయింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి బిందె అంచు పట్టుకుంది. వెంకటశేషమ్మ.

"దాంట్లో వొద్దు ప్రమీలా. రాగి పడదు వాటికి."

ప్రమీల బిందె అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది. "మీకెట్ట తెలుసు అత్తా?"

"పోయినేడు నా కొడుకే ఈ బిందెలో కాచి పోసినాడు. అన్నీ చచ్చినాయి. ఎంకయ్యను ఎల్లగొట్టినాక, మద్రాసులో చేపలమ్మే ఆయన వాడికి చెప్పినాడంట, రాగి నీళ్లు వాటికి విషం అని."

"అంటే ఆయనకు తెలుసా?"

వెంకటశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుధవారం పొద్దున కొడుకుతో, రాగి సంగతి కోడలికి చెప్పమంటావా అని తనే అడిగిందట. వద్దన్నాడట. జిడ్డుగిన్నె వాడొద్దంటే అది నేరుగా నీ బిందె కోసమే వస్తుంది, చూస్తూ ఉండు అన్నాడట.

"చెప్తే చేపలు బతుకుతాయి, చేపలు బతికితే అది బడికి పోతాదే అన్నాడమ్మా" అంది ఆవిడ. "నువ్వు బిందె అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. భయమేసింది. నా కొడుకంటే నాకు భయం."

ప్రమీల బిందె కింద పెట్టింది. అక్కడే కూర్చుంది. ఈ మూడు రోజులు తన చేతుల్ని తను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకనుంచి కోపం వచ్చింది. పెళ్లయ్యాక ఆమెకు అంత కోపం రావడం అదే మొదలు. ముందు అత్తగారి మీద వచ్చింది.

"మీరు ముందే చెప్పుంటే..."

"చెప్పుంటే ఇయ్యి బతికేయి" అంది వెంకటశేషమ్మ. "వాడు ఇంకోటేదో చూసేవాడు. నిన్ను పోనిచ్చేవాడు మాత్రం కాదు."

ఆవిడ ఏ బడాయీ లేకుండా, కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా ఆ మాట అనేసింది. ప్రమీల ఆ ముసలిమొహంలోకి చూసింది. ఆవిడ మీద కోపం నిలబడలేదు. తనకు ముప్పై ఏళ్ల తరవాత వచ్చే మొహం అదేనని తోచింది.

అప్పుడు లేచింది. కామమ్మ చేత సంత నుంచి కొత్త మట్టికుండ తెప్పించింది. బావిలో తాజా నీళ్లు తోడి, అందులో వెచ్చబెట్టి, ధర్మామీటరు ముంచి చూసి, పింగాణీ జాడీలో పోసింది. మిగిలిన చేపను దోసిలితో తీసి అందులోకి వదిలింది. అది బతుకుతుందన్న నమ్మకం లేదు. బతికినా ఒక్క చేపకు ఆయన ఉద్యోగం ఇవ్వడు. అయినా దాన్ని ఆ నీళ్లలో చావనివ్వడానికి మనసు రాలేదు. సాయంత్రానికి అది నీటి అంచు వదిలి కాస్త కిందికి దిగింది. ఆదివారం పొద్దున రెక్కలు విప్పింది.

పెంచలయ్య ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. చెప్పుల చప్పుడు అరుగు మీద వినగానే ప్రమీల మామూలుగానే చేతిలో పని వదిలేసి గడియారం వైపు చూసింది. నిజం తెలిశాక భయం పోతుందని ఆమె అనుకుంది గానీ, అదేమీ పోలేదు. వెంకటశేషమ్మ లేచి నిలబడింది.

ఆయన నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లాడు. ఖాళీ తొట్టి చూసి తల పంకించాడు. మొహంలో బాధ లేదు. పెదవి చివర ఆ నవ్వు మొదలైంది. అప్పుడు బల్ల మీద పింగాణీ జాడీ, పక్కన మట్టికుండ కనపడ్డాయి. జాడీలోకి తొంగిచూశాడు. చేప అటునుంచి ఇటు తిరిగింది. నవ్వు ఆగిపోయింది.

ఆయన తల్లివైపు చూశాడు. ఆ తరవాత భార్యవైపు.

"ఎవురు చెప్పినారు?"

వెంకటశేషమ్మ గోడవైపు జరిగింది. ప్రమీల ఆవిడకు అడ్డంగా ఒక అడుగు ముందుకు వేసింది. నాలుగు చేపలు చచ్చాయి. ఎలా చచ్చాయని ఈ మనిషి అడగలేదు.

"ఎవురూ చెప్పలా" అంది. "ఇప్పుడు మీరే చెప్పినారు."

పెంచలయ్య చొక్కా జేబులోంచి ఉత్తర్వు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఇనప్పెట్టెలో పడేసి తాళం వేశాడు. బిగ్గరగా ఒక్క మాట అనలేదు. రేపు నీకు బళ్లో పనేం లేదులే అన్నాడు, మామూలు మెత్తటి గొంతుతో, కాళ్లు కడుక్కోవడానికి పోతూ.

సోమవారం ప్రమీల ఎప్పటిలా లేచి, వంట చేసి, ఆయనకు ఇడ్లీ పెట్టి, చట్నీ వడ్డించింది. తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకుంది. ఆయన అరుగు మీద కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఆ కుర్చీ పక్క నుంచే మెట్లు దిగాలి. దొడ్డి వాకిలి కూడా ఉంది గానీ, అటు పోవాలనిపించలేదు.

"ఎక్కడికి?" అన్నాడు ఆయన పేపరు దించకుండానే.

"బడికి."

మెట్లు దిగింది. వీధిలో జనం ఉన్నారు. ఎదురింటివాళ్లు వాననీళ్లు ఊడుస్తున్నారు. అరిచే మనిషి కాదు గదా, అరవలేదు. కానీ కుర్చీ కిర్రుమనడం వినపడింది. చెప్పుల చప్పుడు వెనకనే వస్తోందనుకుంది. మలుపు దాకా అలాగే అనుకుంది, మలుపు తిరిగాక కూడా. తిరిగి చూసే ధైర్యం లేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. బురదలో కాలు జారుతున్నా ఆగలేదు. సాయంత్రం మళ్లీ ఆ మెట్లే ఎక్కాలన్న సంగతి గుర్తొచ్చి చేతులు చెమటపట్టాయి. కొంగుకు తుడుచుకుంటూ నడిచింది.

హెడ్మాస్టరు హజరత్తయ్య బడి వరండాలో నిలబడి పెంకుల్లోంచి కారిన నీళ్లు తుడిపిస్తున్నాడు. పెద్దాయన, ఊరందరి గుట్టూ తెలిసినవాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యం కప్పిపుచ్చుకుంటూ రండమ్మా అన్నాడు. ఉత్తర్వు ఇంట్లో ఉండిపోయిందని ప్రమీల చెప్పింది. దానిదేముంది, నకలు మాకూ వచ్చింది అన్నాడాయన. వీధి చివరిదాకా ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పెంచలయ్య గారు ఒప్పుకున్నారా అమ్మా?"

ప్రమీల వరండా మెట్టెక్కింది.

"నేను అడగలేదు సార్" అంది.